మళ్ళీ రండి

హెబ్ ఊళ్ళో, జర్మనీ సరిహద్దు పక్కన,
ఆరింటికే కొట్టు తెరవాలి అమ్మ.
అందుకని నన్ను మేడమీది జ్దేనా ముసలమ్మకి
నెలకింతని డబ్బిచ్చి అప్పగించేది.

చెక్ భాష నాకు ఆవిడ నోట్లోంచే వచ్చింది,
సోపుగింజల రొట్టె వాసనతో,
ఇప్పుడెవరూ వాడని సామెతలతో సహా.
బడిలో నవ్వేవాళ్ళు:
"ఈ వియత్నాం పిల్ల మా తాతమ్మలా మాట్లాడుతుందే!"
పేరు తిరగక టీచరమ్మ నన్ను లెంకా అంది.
హుయెన్‌ని అన్నం దగ్గర మాత్రమే.

పౌరసత్వం పరీక్షలో
రాజుల్నీ నదుల్నీ గడగడా అప్పజెప్పాను.
అమ్మ వెళ్ళనేలేదు.
ఇరవై రెండేళ్ళలో ఆమెకి అబ్బిన చెక్ అంతా
ధరలు, చిల్లర, సంచీ కావాలా.

మొన్న ఫిబ్రవరిలో జ్దేనా పోయింది.
"మీరేమవుతారు?" అన్నాడు గుమాస్తా.
"మనవరాలిని."
నా మొహం చూసి మళ్ళీ అడిగాడు,
ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి,
నాకు అర్థం కాలేదనుకుని.

పనిరోజున కొట్టు మూయడం అమ్మకదే మొదలు.
శవపేటిక అంచున చెయ్యి ఆనించి
ఉన్న కాసిని మాటల్లోనే వెతుక్కుని
గల్లాపెట్టె దగ్గర అన్నట్టే అంది:
"ధన్యవాదాలు. మళ్ళీ రండి."

ఇంకా చిల్లర ఇవ్వాల్సింది ఉన్నట్టు
అక్కడే నిలబడింది.