అంటు

పుష్యమాసం మంచులో నిచ్చెన ఎక్కాను,
నడుముకి రంపం, కొంగులో బ్లేడు ముక్కలు.
కింద భీమశంకరం గారు గొడుగు కర్రతో నేల పొడుస్తూ
"అడితివాడు పద్దెనిమిది వేలంటున్నాడే, దయామణీ.
నీ మాట విని ఆగాను. రెండేళ్ళు. చూస్తాను."

అరవై ఏళ్ళ చెట్టు.
తుఫాను ఏడు తూర్పు కొమ్మ విరిగింది,
ఆ పుండులో పురుగు కాపురం పెట్టింది.
కాసిన నాలుగు కాయలూ
పళ్ళు జివ్వుమనే పులుపు.

ఈ తోటలో తక్కినవన్నీ మా నాన్న కట్టినవే.
వరసలో ఒక్కటే టెంక మొలక, ఇది,
నూతి పక్కది.
నూట యాభై చెట్లకి అంటు కట్టిన చెయ్యి
నూతిగట్టుకి అంటయింది.
అందుకని ఇది పుల్లగానే పెరిగింది.

మనిషెత్తున కోశాను, ఏటవాలుగా,
కోత మీద వాన నిలవకూడదు.
కొమ్మ పడ్డప్పుడల్లా ఆయన కళ్ళు మూసుకున్నారు.
సాయంత్రానికి
నూతిలో ఎండ పడింది.
అడుగున ఒక చెంబు మెరిసింది,
ఎవరిదో, ఎప్పుడు జారిందో.

గాయాలకి సున్నం, మైలుతుత్తం కలిపి పూసి
ఇంటికొచ్చి పడుకున్నాను.

ఉగాదికి మొద్దు నిండా చిగుళ్ళు,
రాగి రంగువి, కుక్కపిల్ల చెవుల్లాంటివి.
ఎనిమిది ఉంచి మిగతావి గిల్లేశాను.
గిల్లడమే పని.
కట్టడం ఎవరైనా కడతారు.

పుల్ల ఎక్కణ్ణించి తేవాలో నాకు ముందే తెలుసు.
ఊడుమూడిలంక రేవులో ఒక చెట్టుంది,
పేరు లేదు, పట్టా లేదు,
సగం వేళ్ళు ఇసకలో, సగం గాల్లో.
ఏటేటా ఏరు ఆ గట్టుని
బెల్లంముక్కలా కొరుక్కు తింటోంది.
దాని పండు తిన్న రోజు
మంచినీళ్ళు తాగబుద్ధి కాదు.

ఆషాఢంలో పోయి పది రెమ్మలకి ఆకులు తుంచి వచ్చాను.
ఆకు పోతే మొగ్గ ఉబ్బుతుంది,
పది రోజులు పడుతుంది.
ఎనిమిదో రోజుకే ఎర్రనీళ్ళు.
ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఎగరేశారని
ఫోన్లన్నీ మోగుతున్నాయి.

సరంగు కాటంరాజు రానన్నాడు.
రెండు వందలు ఎక్కువిస్తానన్నాను.
నన్నూ, ఏటినీ, మామిడిజాతినీ తిడుతూ పడవ తీశాడు.

పుల్లలు తడిగుడ్డలో,
గుడ్డ అరటిదొప్పలో,
దొప్ప నా ఒళ్ళో.
వెనక్కి చూడకే అన్నాడు.
చూశాను. నిలబడే ఉంది.
మర్నాటికి లేదట.

ఆ మధ్యాహ్నమే కట్టాను.
చిగురుని నిలువునా వేలెడంత చీల్చి,
పుల్లని రెండు పక్కలా మేకులా చెక్కి,
బెరడుకి బెరడు ఆనేదాకా దించి,
గాలి చొరకుండా చుట్టి,
పైన పాలైసు కవరు తొడిగాను.
సొన పడి మణికట్టు పొక్కింది.
మా నాన్నకీ అక్కడే మచ్చ ఉండేది.

కాఫీ వచ్చింది.
ఆయన రోజుల్లో ప్రహరీ మీద
బోర్లించిన గాజుగ్లాసు ఒకటి విడిగా ఉండేది.
ఇప్పుడు నాకు పేపరు కప్పు,
భీమశంకరం గారికీ పేపరు కప్పే.
ఏమనుకోవాలో తెలీక
వేడివేడిగా మొత్తం తాగేశాను.

ఎనిమిదిలో ఐదు పట్టాయి.
పుస్తకం తెరిచి ఆయన అడిగారు,
"రకం ఏమని రాయను?"
"లంకది" అన్నాను.
రాసి, కొట్టేసి, మళ్ళీ రాశారు.

ముసలిమొద్దు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.
అంటు కిందనుంచి
తన చిగుళ్ళు తను వేస్తూనే ఉంది.
వారానికోసారి వెళ్ళి గిల్లుతున్నాను.

ఒకటి వదిలేశాను.
పడమటి వైపుది, నూతి మీదికి వంగినది.
ఊరగాయకి పుల్లటి కాయ ఉండాలి కదండీ అని
ఆయనతో అయితే
అలా చెప్పాను.