వంటింటి పిడులు

వడ్రంగి గజేంద్రాచారి గాల్లో వేలితో లెక్క గీసి
పద్నాలుగు వేలన్నాడు, కొత్త పిడులకీ బందులకీ.
సున్నం కొట్టినోళ్లకే ఇంకా పన్నెండొందలు బాకీ.
పాతవే ఊడదీస్తానని
కొంగు దోపి, పీటేసుకుని కూర్చున్నా.

ఇరవై మూడు పిడులు. నలభై చిల్లర మరలు.
ఒక్కో మరకీ ఒక్కో మొండితనం,
ఒకటైతే తల అరిగిపోయి
నున్నగా నవ్వింది నా మొహం మీద.
చింతపండు నీళ్లలో రాత్రంతా నానబెడితే
తెల్లారేసరికి గిన్నె నిండా తుప్పు కాఫీ.

ఉప్పు కాగితంతో రుద్దినా.
ఉప్పు లేని ఉప్పు కాగితం,
కొంగారెడ్డిపల్లె అంగట్లో ఆ పేరుతో అడిగితేనే ఇస్తారు.
గోధుమరంగు కింద పచ్చ.
పచ్చ కింద ఎవరో పూసిన వెండిరంగు.
దానికింద ఇత్తడి, చలికాలం పొద్దులా లేతగా.
నాకంటే ముందు ముగ్గురు విసుక్కున్నారన్నమాట
ఈ గదిని చూసి.
గోడలెట్లా జరపలేం గదా,
పిడులన్నా మారుద్దామని.

రెండ్రోజులు తలుపులకి పిడుల్లేవు.
కందిపప్పు కోసం పోయిన చెయ్యి
గాలిని పట్టుకుని లాగింది.
మా ఆయన గరిటె కాడతో తెరిచినాడు చక్కెర అర.
రెండేసి బెజ్జాలతో ప్రతి తలుపూ
పోపు వాసన పీలుస్తున్నట్టుండింది.

మిద్దె మీద పాత పేపర్లు పరిచి
నల్లరంగు డబ్బా గిలక్కొట్టి చిమ్మినా.
గాలి యాడ్నుంచి లేచిందో,
పక్క మిద్దెలో దేశమ్మక్క ఆరబెట్టిన మామిడి తాండ్ర మీద
సన్న చుక్కలు, గసగసాలు చల్లినట్టు.
ఆమె నోరు తెరిచింది. వీధంతా విన్నది.
తోతాపురి ధరా, ఈతచాప ధరా, నా పుట్టినూరూ
అన్నీ కలిపి ఉతికింది.
చివర్న ఊపిరి పీల్చుకుని
"ఆ డబ్బాలో ఏమన్నా మిగిలిందా?" అనడిగింది.

ఇంట్లోకి పోయి బీగం తెచ్చింది, గుప్పెడంత, తుప్పుతో.
పలమనేరు సంతలో మొగుడు కొన్నదంట.
ఆ మనిషి పోయి తొమ్మిదేండ్లయినా
ఇది మాత్రం పట్టు వదల్లేదంట.
రెండు పూతలేసి తీగకి ఏలాడగట్టినా.
నిగనిగలాడింది, పెండ్లికొడుకు క్రాపులా.

రాత్రి ఎనిమిదికి మళ్లీ ఆమె గొంతు.
మురిసిపోయి తలుపుకేసి నొక్కేసింది,
బెజ్జంలో రంగు గట్టిపడి చెవి దూరడంలేదు.
చాప, చెంబు, బీపీ మాత్రలు, అన్నీ లోపల.

మెట్ల మీద ఇద్దరం.
ఆమె సెల్‌ఫోను వెలుతురు పడితే
నేను పిన్నీసుతో గీకుతా ఉన్నా.
నా చేతులు ఖాళీగా లేవని
చుక్క పడని తాండ్ర ముక్క ఏరి
నోట్లో పెట్టింది.
నల్ల పొడి రాలినప్పుడల్లా
"ఇంకొంచెం" అంటుంది,
బీగాన్నో, నన్నో.