కుడికే తిప్పాలి

హాలిఫాక్స్‌లో, ఫిబ్రవరి ఆదివారం పొద్దున
మా రాతి ఇళ్ల వరసకి గొంతు పట్టుకుంది.
నేను సింకులో నీళ్లు వదిలితే
కింద కమోడ్ గొణిగింది.
పక్కింటి ఇఫ్తికార్ వాషింగ్ మెషీన్ ఖాళీ అయితే
ఆ నురగ మా పెరటి జాలీలోంచి లేచి
గుమ్మం తప్పిన చుట్టంలా నిలబడింది.
నీళ్ల కంపెనీ వాళ్లు బుధవారం దాకా రారట.

మేవిస్ ఓల్డ్‌రాయిడ్ వచ్చింది.
అరవై రెండేళ్లు, మోకాళ్లకి రబ్బరు పట్టీలు.
టీ వద్దంది. ఒకటే అడిగింది:
"అడ్డం ఒక్కచోటా, అన్నిచోట్లా?"
ఒక్క సింకే మొరాయిస్తే దాని కిందున్న వంపులో చూడాలట.
ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు కాపలా ఉంటాయి,
వీధి వాసన ఇంట్లోకి రాకుండా.
అన్నీ కలిసి మొరాయిస్తే
తప్పు ఇంటిది కాదు, దారిది.

నీరు పల్లమెరుగు అంటారు.
నలభై ఏళ్లు ఈ ఇంట్లో ఉన్నాను,
నా కాళ్ల కింద పల్లం ఎటుందో నాకు తెలీదు.
ఆమె సుద్దముక్కతో బండల మీద గీసి చూపింది,
నాలుగో నంబరు నుంచి అయిదుకి, అక్కణ్ణించి ఆరు, ఏడు.
తాతలనాటి మట్టి గొట్టం, అడుగడుగునా అతుకులు.
మా అందరి స్నానాలూ ఎంగిళ్లూ
అర్ధరాత్రి ఎవరికీ చెప్పుకోని కడుపునొప్పులూ
ఒకే వరసలో నడిచిపోతున్నాయన్నమాట.

నిజం దేవుడెరుగు అంటారు గానీ
మ్యాన్‌హోల్ కూడా ఎరుగు.
ఇఫ్తికార్ పెరట్లో మూత ఎత్తితే అంచుదాకా నిండుంది.
ఏడో నంబరు మూత ఎత్తితే
పొడి అడుగు, ఒక సాలీడు.
"అయితే మధ్యలోనే," అంది మేవిస్.
మధ్యలో అంటే ఆరు.
డోరిన్ బారాక్లఫ్ పెరడు, ఆమె పియర్ చెట్టు.
డోరిన్‌కీ ఇఫ్తికార్‌కీ మాటల్లేక పదకొండేళ్లు,
ఒక చెత్తడబ్బా నిలబెట్టే చోటు గురించి.

పొడిగా ఉన్న వైపు నుంచే తోశాం.
కడ్డీకి కడ్డీ మర బిగించి నా చేతికిచ్చింది.
"కుడికే తిప్పు. ఎంత విసుగొచ్చినా కుడికే.
ఒక్కసారి ఎడమకి తిప్పావా, మర ఊడి
కడ్డీ లోపలే ఉండిపోతుంది.
ఇక పెరడు తవ్వడమే."
వెనక నిలబడి ఇఫ్తికార్ తలూపాడు.
కిటికీ తెర కదిలింది.

పన్నెండో కడ్డీకి మెత్తగా ఏదో తగిలింది.
"పక్కకి తప్పుకో!" అని అరిచింది మేవిస్.
అతుకులోంచి వెంట్రుకలా దూరి
లోపల నక్కతోకంత ఎదిగిన వేళ్ల కుచ్చు,
పియర్ చెట్టు దాహం.
దానికి చిక్కుకుని తడి తుడుపుగుడ్డలు,
ఫ్లష్ చేయొచ్చని ప్యాకెట్ నమ్మబలికినవి.
అన్నిటినీ కలిపి అతికిస్తూ
తెల్లగా, గట్టిగా, కొవ్వొత్తి ముద్దలాంటి కొవ్వు.

డోరిన్ బయటికొచ్చింది.
"చెట్టు కొట్టేయాలా?"

ఆ కొవ్వు నాది.
ఈ క్రిస్మస్ బాతుది, పోయిన క్రిస్మస్ బాతుది,
ఆదివారాల బేకన్‌ది.
హిల్డా ఉన్నప్పుడు పొయ్యి పక్కన గాజుసీసా ఉండేది.
కొవ్వు అందులో వంచి, గడ్డకట్టాక చెత్తలో వేసేది.
ఆమె పోయాక సీసా కడిగి దాచేశాను.
వేడినీళ్లతో పోస్తే పోతుందనుకున్నాను.
ఆరో నంబరు దాకా వెళ్లి చల్లారింది.
నోటిదాకా వచ్చింది మాట. అక్కడే ఆగింది.

గొట్టం కడగడానికి నీళ్లు కావాలంది మేవిస్.
దగ్గరి కుళాయి డోరిన్‌దే.
ఇఫ్తికార్ పైపు తగిలించి
కడ్డీల ధ్యాసలో కుడికే తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు.
"అది ఎడమకి," అంది డోరిన్.
పదకొండేళ్లలో మొదటి మాట.
ఆ రోజుకి అదే ఆఖరిది కూడా.

చెట్టు కొట్టక్కర్లేదట,
ఏడాదికోసారి వేళ్లు కోయిస్తే చాలట,
బిల్లు వెనక రాసిచ్చింది మేవిస్.
తలా ఇంత వేసుకున్నాం.
నా వాటాలో పది పౌన్లు ఎక్కువ పెట్టాను,
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఆ సీసా అటక మీద ఎక్కడ పెట్టానో
ఇంకా వెతుకుతున్నాను.