కాలర్ మైకు

కాలర్ కింద రెండు వేళ్లు దూర్చి
మైకు తగిలించడం నా పని.
గుండెకి జానెడు ఎగువన, మెడగొలుసుకి ఒరుసుకోకుండా.
వాల్టర్ కొస్సుత్తా గడ్డం పైకెత్తి నిలబడతాడు
క్షవరానికి కూర్చోబెట్టిన పిల్లాడిలా.
తీగ చల్లగా ఉందంటాడు.
రోజూ అదే మాట.

మూడో డివిజన్ జట్టు. ముప్ఫై నాలుగేళ్ల లెఫ్ట్ బ్యాక్.
"మైదానం వద్దు" అంది ఓర్నెల్లా మొదటి రోజే,
"గోల్స్ ఎవరైనా చూస్తారు.
పళ్లు తోముకుంటూ ఈ మనిషి ఏమాలోచిస్తాడో, నాకదీ కావాల్సింది."

అందుకని నాలుగు నెలలుగా
త్రియెస్తెలో, వాళ్ల మూడో అంతస్తు ఇంట్లో
మేం ముగ్గురం అదనపు సామానులా పడి ఉన్నాం.
మోకాలికి ఐసు సంచీ కట్టుకుంటే
ఎవరో గులకరాళ్లు నమిలినట్టుంటుంది నా చెవుల్లో.
నీవెస్ కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి
కెమెరా గుర్తొచ్చి జుట్టు సవరించుకుంటుంది.
జుట్టుకీ చప్పుడుంటుంది. నన్నడగండి.

మా వృత్తిలో
నోట్లో నువ్వుగింజ నానాలి.

ఫిబ్రవరిలో కొండల మీంచి బోరా దిగింది.
గాలి కాదది, వడ్డీకిచ్చినవాడు.
తలుపులన్నీ బాదింది, మోపెడ్లని వరసగా పడుకోబెట్టింది.
ఆ రోజు క్లబ్బు ఆఫీసులోకి మమ్మల్ని రానివ్వలేదు.
గోడలు మందం. నాకు చిటపటలే అందాయి.
ఏడు నిమిషాల్లో బయటికొచ్చి
కెమెరా వైపు బొటనవేలు ఎత్తి చూపించి
కార్లో కూర్చుని తలుపేసుకున్నాడు.
ఓర్నెల్లా, కెమెరా కుర్రాడు తుల్లియో
చలికి తాళలేక కాఫీ బారులో దూరారు.
నేను వ్యాన్లో.
మైకు అతని దగ్గరే. మర్చిపోయాడు
అనుకున్నాను.

"నీవెస్, ఒక విషయం."
గొంతు సవరించుకున్నాడు.
"నీవెస్, ఇలా కూర్చో. వాళ్లు కాంట్రాక్టు..."
"నీవెస్, వింటే నవ్వుతావు, ఏమైందంటే..."
అతనికి నవ్వు రాలేదు.
"ఎప్పుడో దుకాణం పెడదామన్నావు చూడు...
కాదు. ముందు భోంచేద్దాం. భోంచేశాక."

ఫ్రీకిక్కుకి ముందు బంతిని తిప్పి తిప్పి పెట్టినట్టు
ఆ వాక్యాన్ని పెట్టి, వెనక్కి నడిచి,
మళ్లీ వచ్చి కాస్త జరిపి,
పదకొండు సార్లు.
లెక్కపెట్టాను. పెట్టకూడదని తెలిసే.
చెప్పిన కొద్దీ ఒక్కో మాటా రాలిపోయి
చివరికి పేరొక్కటే మిగిలింది.
దాన్నీ పూర్తిగా అనలేకపోయాడు.

నా వేలు ఆపే మీట మీదే ఉంది.
నొక్కలేదు.
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు గానీ
శబ్దం కొంచెం పెంచాను.

తుమ్ముతూ వచ్చి ఓర్నెల్లా అడిగింది,
"ఏమైనా పడిందా?"
"గాలి."
"పద్దెనిమిది నిమిషాలూ?"
"గాలే."
నా మొహం వైపు చూసింది. తర్వాత
చిట్టాలో తన చేత్తోనే రాసుకుంది:
గాలి. పనికిరాదు.

మర్నాడు కాలర్ కింద వేళ్లు దూరుస్తుంటే
గడ్డం పైకెత్తి, పైకప్పుకేసి చూస్తూ
"నిన్న గాలి జోరుగా ఉంది కదూ" అన్నాడు.
"ఉంది" అన్నాను.
తీగ చల్లగా ఉందని అనలేదు.

సినిమా పూర్తయింది. బహుమతి కూడా ఏదో వచ్చింది.
అందులో అతను పళ్లు తోముకుంటాడు,
ఐసు కట్టుకుంటాడు, పిల్లికి అన్నం పెడతాడు.
నిజమే అంతా. అబద్ధం ఒక్క ఫ్రేమ్ లేదు.
ఇంటికెళ్లి ఆమెతో ఏమన్నాడో,
భోంచేశాకే చెప్పాడో, నాకు తెలీదు.
ఆ రాత్రి మాకు సెలవు.

ఆ ఫైలు నా దగ్గరే ఉంది.
చెరిపేద్దామని అప్పుడప్పుడూ తెరుస్తాను.
తీరా చెరిపే ముందు
అదో కాదో
ఒకసారి విని చూసుకోవాలి కదా.