చెంచాకి నూరు

ఆంతోఫగాస్తాలో వాన పడదు.
మేడ కింది గదిలో మాత్రం రోజూ ఆవిరి.
పద్దెనిమిదేళ్ళుగా దానికి కాపలా నేను, నిబాల్దో.
పైన పిల్లలు పెంచినవన్నీ చివరికి
నా దగ్గరికే దిగుతాయి,
పసుప్పచ్చ సంచుల్లో మూతి బిగించుకుని.
నూట ఇరవై ఒక్క డిగ్రీలు, అరగంట.
అంటించిన పట్టీ మీద నల్లచారలు తేలితే
పని అయినట్టు.
వాసన మాత్రం ఎవరింట్లోనో సూపు అడుగంటినట్టుంటుంది.

ఈ ఏడు ఐదుగురు కలిసి
ఒక బాక్టీరియాని తిరగరాశారు.
నీళ్ళలో ఆర్సెనిక్ తగిలితే నీలమవుతుంది.
అసులీతా అని పిలుచుకున్నారు,
ఫ్లాస్కు మీద పెన్నుతో నవ్వుమొహం గీశారు.
పేరు పెట్టాక దేన్నయినా చంపడం కష్టం.
ఆ సంగతి వాళ్ళకింకా తెలీదు.

ఫారంలో ఒక ప్రశ్న: బయటపడితే?
యెర్కో రాశాడు: బయటపడదు.
డాక్టర్ ఒయార్సూన్ ఎర్రగీత కొట్టి తిప్పి పంపింది.
మళ్ళీ రాశాడు: బయటపడితే చస్తుంది,
మేం పెట్టే మేత లేనిదే బతకలేదు,
కడుపులోనే విషపు గుళిక దాచాం.
మళ్ళీ ఎర్రగీత. ఈసారి పక్కన రెండు మాటలు:
ముందు ఇంట గెలవండి. లెక్కపెట్టారా?

మూడు వారాలు లెక్కపెట్టారు.
మేత లేని పళ్ళేల్లో
పదికోట్లకి ఒక్కటి బతుకుతోంది.
పైన చప్పట్లు. నాకూ వినబడ్డాయి.
కేకు ముక్క తెచ్చింది మలేన్
(తినేది బయటి మెట్ల మీదే, అది రూలు).
ఊరికే అడిగాను:
చెంచాడులో ఎన్నుంటాయమ్మా?
వెయ్యి కోట్లు, అంది.
అని ఆగిపోయింది.
క్రీము వేళ్ళ మీదికి కారుతోంది.
నూరు, అంది తనలో తనే. చెంచాకి నూరు.

మలేన్ అమ్మమ్మది ఎడారి లోపల, లోవా నది వార పల్లె.
బావిలో ఒక్క చెంచా పోసొస్తాను,
నీలమైతే ఎవరూ తాగరు కదా
అనేది మొన్నటిదాకా.
నేనెప్పుడూ కాదనలేదు.
మా నాన్న అరచేతుల్లో చిక్కుడుగింజలంత కాయలుండేవి,
పారపట్టినందుకు కాదు,
కుళాయి తిప్పినందుకు.

ఆ నూటిలో ఒకటి ఏం చేస్తుంది?
ఏమీ చేయకపోవచ్చు. ఎండకే మాడొచ్చు.
"చేయకపోవచ్చు"కి ఫారంలో గడి లేదు.

అందుకని బావే బస్సెక్కి వచ్చింది.
దోన్యా ఎదువీనా, నాలుగు గంటల దారి,
ఒళ్ళో నిమ్మసోడా సీసా నిండా నీళ్ళు.
సీలు వేసిన గొట్టంలోకి సూదితో ఒక బొట్టు.
సాయంత్రానికి నీలం,
నీడ పడిన కొండ రంగు.
డెబ్భై రెండేళ్ళుగా ఇదే తాగుతున్నానా, అంది,
కోపం లేదు, కొలుస్తున్నట్టు.

గొట్టంతోపాటు తనూ కిందికి దిగింది.
ఇది నిజమే చెప్పింది కదా,
మరెందుకు ఉడకేస్తున్నారు?
కుర్చీ జరిపి కూర్చోబెట్టాను.
అంతకు మించి నా దగ్గరేం లేదు.

చారలు తేలాయి.
పైన మలేన్ కొత్త పళ్ళేలు పరుస్తోంది,
రెండో గుళికకి.
ముసలమ్మ లేచి, నా సీసా, అంది, మూత గట్టిది.
ల్యాబులోకి వెళ్ళింది కదా,
అదీ సంచిలోనే పోయింది. తలుపు తీసి చూపించాను:
కరిగి ముద్దైన ఆకుపచ్చ.

బస్టాండులో ఇంకో నిమ్మసోడా కొనిచ్చాను.
సగం తాగి, మూత తిప్పి చూసి,
పరవాలేదు, అంది.