లాగుడు వంతు

షోరూం కుర్రోడు బానెట్ మీద కాగితం పరిచాడు,
నున్నటి కాగితం, మీద మంచుకొండ బొమ్మ.
మూడు వందల ఇరవై న్యూటన్ మీటర్లట,
రెండున్నర టన్నులు వెనక తగిలించుకుని
ఘాటెక్కేస్తుందట.
నాతో వచ్చిన సూరాడ నూకయ్య మావ
కళ్ళజోడు లేకుండానే ఆ అంకె చుట్టూ వేలు తిప్పి
"అదంతా సరే గానీ బావూ,
ఎంతమంది మనుసులెట్టు ఇది?" అన్నాడు.

కుర్రోడి దగ్గర ఆ లెక్క లేదు.

మా భావనపాడు ఒడ్డున ఉన్నది ఆ ఒక్క లెక్కే.
తెప్పకి ఆరుగురు.
ఫైబర్ బోటుకి, ఇంజనూ తడివలా కలిపి, ఇరవై ఇద్దరు.
ఇసక మెత్తబడే ముసురు రోజుల్లో ఇంకో నలుగురు.
మా అయ్య ఒక్కడూ ఒకటిన్నర అని
నవ్వుతూ వంతు పంచేవారు.

నౌపడా ఉప్పు మోసి మోసి
అడుగు రాలిపోయిన ఆటో అమ్మేశాను.
నాలుగు నిమ్మకాయలు తొక్కించి
బండిని ఊళ్లోకి తెచ్చిన మూడో రోజే
కళింగపట్నంలో జెండా ఎగరేశారని కబురు.
పదకొండు బోట్లు.
చీకటి పడేలోగా సరుగుడు తోట దాకా ఎక్కాలి.
లాగే వయసున్నోళ్ళు సగంమంది వీరావళ్లో,
ఎవరి బోట్ల మీదో.

కొక్కేనికి తాడు తగిలించి తొక్కాను.
వెనక చక్రాలు తమ గోతులు తామే తవ్వుకున్నాయి.
బోటు జానెడు జరగలేదు.
మూడు వందల ఇరవై ఎక్కడికీ పోలేదు,
ఇంజనులో అరుస్తూనే ఉంది,
కాలూనడానికి నేల దొరక్క.

నూకయ్య మావ తలుపు మీద కొట్టాడు.
"దిగరా. సగం గాలి తీసీ."
టైర్లు ఆవు మూతిలా వెడల్పయ్యేదాకా తీశాం.
తాటిమట్టలు పరిచాం, చిరిగిన వల పరిచాం.
"ఇప్పుడు తొక్కీకు. తాడుని బిగవనీ.
అది మూలుగుతాది. మూలిగినాక అప్పుడు, మెల్లగా."

అద్దాలు దించుకుని విన్నాను.
కొబ్బరితాళ్ళతో పెరిగిన చెవులు ఆయనవి,
నైలాను తాడు భాష కూడా తెలుసు.
మూలిగింది.
చిన్న గేరులో, ముందు చక్రాలు కూడా కలిసి,
బండి ఒళ్ళు కాస్త వెనక్కి కూర్చుని లేచింది.
బోటు కదిలింది,
ఇసకలో పొట్ట ఈడ్చుకుంటూ,
అడుగున నత్తగుల్లలు పటపటమంటూ.

అద్దంలో చూశాను:
బిగిసిన తాడు పక్కనే చోడిపల్లి గరికమ్మ.
మొగుడు పోయిన కాణ్ణుంచి
తాడు పట్టి, దోసెడు చేపలు వంతు తెచ్చుకునే మనిషి.
బండి లాగుతోందని ఆమెకెవరూ చెప్పలేదో,
చెప్పినా వినలేదో.
రెండు చేతులా తాడు పట్టుకుని
ఒక్కో అడుగూ మడమలు దిగేసి నడుస్తోంది.
"ఒదిలీ అప్పా, తెగితే ముకం పోద్ది!" అని అరిచాను.
ఇంజను హోరులో నా మాట నాకే వినపడలేదు.
మరి తొక్కలేదు నేను.
ఆమె నడకకి సరిపడా లాగాను.

పదకొండో బోటు ఎక్కేసరికి వాన మొదలైంది.
డీజిల్ ముల్లు కింద గీతకి దిగింది.
పొద్దుట వేటలో పడ్డ కవ్వళ్ళు
హెడ్‌లైట్ల వెలుగులో కుప్ప పోసి పంచుతున్నారు.
బండికి మూడు వంతులన్నారు. తీసుకున్నాను,
అయిదో తారీఖున వాయిదా ఉంది.
గరికమ్మ దగ్గరికొచ్చేసరికి
ఓ కుర్రాడి చెయ్యి ఆగింది.
"ఏటి సూత్తావు? అట్టుకుంది కాదేటి?"
అన్నాడు నూకయ్య మావ, అంతే.

ఆమె దగ్గర గిన్నె లేదు, కొంగు తడిసిపోయింది.
డాష్‌బోర్డులో ఆ నున్నటి కాగితం ఉంటే ఇచ్చాను.
మంచుకొండ మీద ఆరు చేపలు పెట్టి మడిచింది,
పొట్లం జారిపోతోంటే
రెండో చేత్తో అడుగున పట్టుకుని
వానలో వెళ్ళిపోయింది.

టైర్లలో మళ్ళీ గాలి కొట్టాలి.
పంపు టెక్కల్లో ఉంది.