మూడడుగుల సందు

పక్క సైటులో నాలుగో అంతస్తు లేచిన ఏడాది
మా సందులోకి ఎండ రావడం మానేసింది.
పూర్తిగా అని కాదు.
ఏప్రిల్లో, పన్నెండు దాటాక,
గోడకీ గోడకీ మధ్య టేపు జారవిడిచినట్టు
ఒక్క పట్టీ దిగుతుంది.
ఇరవై నిమిషాలు.
నల్లగుడ్డకి నల్లదారం పనులన్నీ
ఆ ఇరవై నిమిషాలకే దాచుకుంటాను.

మిగతా పగలంతా ట్యూబ్‌లైటు.
బాణసవాడిలో పదకొండింటికి లైటేసుకుని
జాకెట్లు కుట్టేది నేనొక్కదాన్నే కాదులెండి.

ముందు గులాబీ పోయింది.
సన్నజాజి పోలేదు,
పాకి పాకి రెండో అంతస్తువాళ్లకి పూసింది.
పచ్చిక పలకలు కొని పరిచాను,
మూడు వారాల్లో గోనెపట్టా రంగుకి తిరిగాయి.
మళ్లీ కొన్నాను. మళ్లీ తిరిగాయి.
మూడోసారి సిద్దాపుర నర్సరీ కుర్రాడు
డబ్బు అందుకోకుండా అడిగాడు,
"ఎండ ఎంతసేపక్కా?"
చెప్పాను.
"గడ్డి వద్దు" అన్నాడు,
అమ్ముకోవాల్సినవాడు.

వెనకింటి గంగరత్నమ్మ
బట్టలుతికే బండ వారనుంచి
వేళ్లతో, బురదతో, ఒక నత్తపిల్లతో సహా
పిడికెడు పెరికి నా కొంగులో వేసింది.
"ఒందెలగ" అందామె.
"సరస్వతాకు" అన్నాను నేను.
చెరో ఆకు కొరికాం.
చేదు మాత్రం ఒకటే.

సందు తవ్వితే
మట్టి కంటే మేస్త్రీలే ఎక్కువ దొరికారు:
సిమెంటు పెచ్చులు, టైల్సు ముక్కలు, బీడీ కట్ట,
ఎడమచేతి తొడుగు ఒకటి.
అవన్నీ ఏరి, రోడ్డుమీది కానుగాకు కుళ్లబెట్టి కలిపి,
జానకొకటి నాటాను.
"నీళ్లు పొయ్యి. పొద్దస్తమానం వచ్చి చూడకు" అంది గంగరత్నమ్మ.
"చూస్తే పెరగదా?"
"పెరుగుతుంది. నీ పని సాగదు."

రెండు నెలలు ఏమీ జరగలేదు.
తర్వాత ఒకరోజు, మీటరు పెట్టె కింద,
ఎర్రటి సన్న దారం ఒకటి బయటికొచ్చింది.
వంగి చూద్దును కదా,
అది నాకు తెలిసిన పనే.
జానెడు సాగడం, కణుపు దగ్గర ఆగడం,
కిందికో వేరు దించి బిగించడం,
మళ్లీ సాగడం.
నేలకి టాకా వేస్తోంది
ఎవరి కొలతలూ తీసుకోకుండా,
ఎవరి పండక్కీ అందించాల్సిన తొందర లేకుండా.

ముసురు పట్టాక నత్తలొచ్చాయి, పిడికిలంతేసి.
మొదటి రాత్రి టార్చి, ఉప్పు డబ్బా.
ఆ బుసబుస చప్పుడు విన్నాక
ఉప్పు వంటింట్లో పెట్టేశాను.
ఇప్పుడు బకెట్లో ఏరి
రాజకాలువ దాకా నడిపించుకెళ్తాను.
సగం వెనక్కి వస్తాయని నాకూ తెలుసు.

ఆ మే నెలలో బోరెండింది.
వారానికి రెండు ట్యాంకర్లు, కుండీలకి చెంబు లెక్క.
సందులో అన్నీ వాలిపోయాయి,
గోడ వార రెండు జానల మేర తప్ప.
అక్కడ ఆకులు రూపాయి బిళ్లలంత,
తడిగా, నవనవలాడుతూ.
తలెత్తి చూశాను.
మూడో అంతస్తు ఏసీ గొట్టం.
చుక్క. చుక్క.
ఎండ పట్టుకుపోయిన బిల్డింగే.

వాళ్లతో ఆరేళ్లుగా నాకు మాటల్లేవు.
ఇప్పుడూ లేవు.
కానీ ఏసీ ఆగిపోయిన ఒక రాత్రి
చుక్క వినబడక మెలకువొచ్చింది,
పిల్లలకి జ్వరమేమో, ఊరెళ్లారేమో అనుకుంటూ
తెల్లారేదాకా పడుకున్నాను.

నిన్న సందు ఊడుస్తుంటే కనబడింది.
గోడ అడుగు తూములోంచి ఒక తీగ
అటువైపు దూరింది.
ఎంత దూరం పోయిందో, ఇటునుంచి కనబడదు.
కత్తెర చేతిలోనే ఉంది.

లోపలికొచ్చి
పొద్దున్న ఆపిన జాకెట్టు చేతులు కత్తిరించాను.